గుర్రంపోరి రెండో భాగం

ఆ పుస్తకానికి అట్ట మీద వేరే పేరే ఉన్నది. రాసినాయన ఎంతో ఆలోచించి పెట్టుకున్న పేరే అయి ఉంటుంది గాని, పిల్లలెవరికీ దానికి నోరు తిరగలేదు. తండ్రిని ఖైదులో వేస్తే, ఒక పిల్ల కుంటి గుర్రాన్ని తీసుకొని అడవి దాటి అన్న దగ్గరికి బయలుదేరుతుంది. అదీ కథ. అందుకని వాళ్ళు దాన్ని గుర్రంపోరి పుస్తకం అన్నారు. నెల తిరిగేసరికి పెద్దవాళ్ళ నోట కూడా అదే మాట. పోరలు గుర్రంపోరిని పట్టుకొని కూర్చుంటే ఇంట్లో నూలు కండెలు ఎవరు చుట్టాలని తల్లులు సాయంత్రం పూట నేతపనివాళ్ళ సంఘం ఇంటి ముందుకు వచ్చి లీలమ్మ మీద విరుచుకుపడేవాళ్ళు.

లీలమ్మకు పంతొమ్మిదేళ్ళు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆపైన చదవాలంటే నకిరేకల్ పోవాలి. ఆడపిల్లను అంత దూరం పంపే ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆమె కూడా అడగలేదు. పొద్దంతా బాపు వెంకటరాజం నేసే మగ్గానికి కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం ఆమె పని. పొద్దు వాలినాక సాలోళ్ళ సంఘం ముందుగదిలో బీరువా తాళం తీసి కూర్చునేది. ఆ బీరువాలో జిల్లా గ్రంథాలయం నుంచి వచ్చిన పుస్తకాలుండేవి. కొన్ని నెలలకొకసారి ఒక కర్రపెట్టె వచ్చి, పాత పుస్తకాలు అందులో వెళ్ళిపోయి, కొత్తవి బీరువాలోకి వచ్చేవి. చదువు వచ్చిన మనిషి ఒకరు వీటి బాధ్యత తీసుకోవాలని పెట్టె తెచ్చే ఇస్రాయేలు సారు అన్నప్పుడు, సంఘం పెద్ద రామచంద్రయ్య అటూ ఇటూ చూసి, మగవాళ్ళకు మగ్గాలున్నాయి గదా అని తాళంచెవి లీలమ్మ చేతిలో పెట్టాడు. జీతం లేదు. ఉంటే ఆమెకు ఇచ్చేవాడు కాదు.

తాళంచెవి ఆమెదే గాని, ఏ పుస్తకాలు రావాలన్నది ఆమె చేతిలో లేదు. ఊరి పిల్లలకు ఎలాంటివి పంపమంటారని ఇస్రాయేలు సారు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. అడిగేది రామచంద్రయ్యను. ఆయన పత్రిక తప్ప ఇంకేదీ చదివిన మనిషి కాదు. అయినా ఆ ప్రశ్న రాగానే తువ్వాల భుజం మీద సర్దుకొని, పిల్లలకు నీతి కావాలని చెప్పేవాడు. అబద్ధమాడితే ఏమవుతుంది, పెద్దల మాట వినకపోతే ఏమవుతుంది, అలాంటివి. నవలలు మాత్రం వద్దు. అవి పట్నంలో పనిలేని వాళ్ళకు పనికొస్తాయి, పిల్లల బుర్రలు పాడుచేస్తాయి. ఆయన మాట ప్రకారమే సన్నసన్నటి నీతి పుస్తకాలు ఒక వరుస వచ్చి బీరువాలో నిలబడ్డాయి. పిల్లలు ఒకసారి తెరిచి, సింహం బొమ్మ చూసి, మూసి ఇచ్చేసేవాళ్ళు. రెండోసారి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడవిలో సింహం నీతి చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ళకు దాని మీద భయం కూడా పోయేది.

గుర్రంపోరి ఎవరూ కోరకుండానే వచ్చింది. పెట్టె సర్దేచోట ఎవరో పొరపాటున వేసి ఉంటారు. లావుపాటి పుస్తకం, బొమ్మలు లేవు, అక్షరాలు చిన్నవి. ఎవరు ముడతారులే అనుకుంటూనే లీలమ్మ ఒకరోజు అరుగు మీద కూర్చొని మొదటి ప్రకరణం పైకి చదివింది. చివరికి వచ్చేసరికి సిపాయిలు తలుపు కొడుతున్నారు, పిల్ల గడ్డివాములో దాక్కున్నది. అక్కడ ప్రకరణం అయిపోయింది. మర్నాడు సూర్యుడు ఇంకా నెత్తిమీద ఉండగానే పిల్లలు వచ్చి కూర్చున్నారు.

ఒకటే పుస్తకం, చదివేవాళ్ళు డజను మంది. అందుకని లీలమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కొక్కరు ఒక ప్రకరణం పైకి చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. అందరికంటే బాగా చదివింది సాలమ్మ. తొమ్మిదేళ్ళ పిల్ల, మాలవాడ నుంచి వచ్చేది, మూడో తరగతిలో బడి మానేసి తల్లి జానమ్మ వెంట కూలికి పోతున్నది. అరుగు మీదికి రమ్మని ఎవరూ అనలేదు గనుక కింది మెట్టు మీదే కూర్చునేది. మొదట్లో మాట మాట కూడబలుక్కునేది. పది ప్రకరణాలు గడిచేసరికి గుర్రం పరుగెత్తేచోట ఆమె గొంతు కూడా పరుగెత్తేది. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు బీరన్నకు చదవడం సరిగా రాదు, కాని గుర్రం గురించి ఏమి వచ్చినా తనకే తెలుసన్నట్టు మధ్యలో అడ్డుపడేవాడు.

ఆ కథ ఆఖరుకు వచ్చేసరికి నదికి వరద. గుర్రం నీళ్ళలో కొట్టుకుపోయింది, పిల్ల ఒక బండను పట్టుకొని వేలాడుతున్నది, చీకటి పడుతున్నది. కింద 'మొదటి భాగం సమాప్తం' అని ఉన్నది. పేజీ తిప్పితే అట్ట.

పిల్లలకు కోపం వచ్చింది. రాసినాయన మీద రావలసింది లీలమ్మ మీద వచ్చింది. రెండో భాగం ఎక్కడో దాచిపెట్టిందని బీరన్న బీరువా అంతా వెదికాడు. అప్పటినుంచి రోజూ అదే పంచాయితీ. గుర్రాలకు ఈత వస్తదని బీరన్న. కుంటికాలుతో ఎట్లా ఈదుతదని సాలమ్మ. మళ్ళీ మొదటినుంచి చదివారు, మళ్ళీ బండ దగ్గరికే వచ్చి ఆగారు. పెట్టె మార్చే రోజులు దగ్గరపడుతుంటే ఇస్రాయేలు సారుకు ఒక కార్డు రాసి, రెండో భాగం తప్పకుండా తెమ్మని అడిగింది లీలమ్మ. తెస్తానని జవాబు వచ్చింది. ఆ జవాబు పిల్లలకు చెప్పిన రోజు బీరన్న సంఘం ఇంటి చుట్టూ గుర్రంలాగా పరుగెత్తాడు.

ఇంతమంది చేతులు పడిన పుస్తకం ఎలా ఉంటుంది? వెనక కుట్టు వదిలింది. పేజీల మూలలు కుక్కచెవుల్లా మడిచిపోయాయి. నడిమధ్య ఒక ఎర్రమట్టి చెయ్యి. పెట్టె మార్చడానికి సారు వచ్చే రోజు దగ్గర పడుతుంటే లీలమ్మ దాన్ని ఇంటికి తెచ్చి, చిరిగినచోట మైదాపిండితో కాగితం అతికించింది. అతికిస్తూ, సారు దీన్ని చూస్తే ఏమంటాడో, రెండో భాగం ఇస్తాడో ఇవ్వడో అని వాపోయింది. వంటింటి గడపలో కూర్చొని బాపు తల్లి, అవ్వ లక్ష్మీనర్సమ్మ వింటున్నది. ఆమె మాట్లాడలేదు. మాట్లాడకుండా వింటే అవ్వ ఏదో తలపెట్టినట్టేనని లీలమ్మకు తెలిసి ఉండవలసింది.

మర్నాడు నూలు కోసం బాపు నకిరేకల్ పోతుంటే మూట పట్టుకోవడానికి లీలమ్మ కూడా పోయింది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో గంజి వాసన. గంజి పెట్టవలసిన పడుగు నూలు ఏదీ వీధిలో చాచలేదు, మరి గంజి ఎందుకు కాచారో అర్థం కాలేదు. అవ్వ ముఖం వెలిగిపోతున్నది. తిరుగలి పైరాయి తీసి నేల మీద పెట్టి ఉన్నది. దాని కిందనుంచి పుస్తకం అంచు కనిపిస్తున్నది.

"నూలుపోగు ఎంతుంటది? ఎంటికంత సన్నగ," అన్నది అవ్వ. "గంజి తాగినంక మగ్గం మీద ఎన్ని దెబ్బలు తిన్నా తెగుతదా? కాయిదం సుత గంతే గద. ఒక్కొక్క పేజి తీసి రెండు దిక్కుల కుంచె పట్టిన. ఒక్కటి ఇడువలే బిడ్డా. ఇగ నీ పుస్తకం చినిగితే నన్నడుగు."

లీలమ్మ రాయి దగ్గరికి పోయింది. "ఆరబెట్టినవా అవ్వా?"

"తెరిసిపెడితే గాలికి ఎగురవడ్డది. మూసి రాయి పెట్టిన. సదునుగ రావాలె గద."

యాభై ఏళ్ళుగా ఆ అవ్వ వీధిలో పడుగుకు గంజి పెడుతున్నది. తడి పోగు తడి పోగును తాకితే అంటుకుంటుందని, ఆరేదాకా కుంచె ఆగకూడదని, కోడళ్ళను ఎండలో నిలబెట్టి దువ్వించిన మనిషి. నూలు దగ్గర ఒక్కసారి కూడా ఆ తప్పు చేయలేదు. పుస్తకం మూసి ఉండే వస్తువు గనుక మూసిపెట్టింది.

రాయి తీసి చూస్తే పుస్తకం పలకలా ఉన్నది. గోరు దూరడానికి కూడా సందు లేదు. లీలమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆవిరి మీద పుస్తకాన్ని పట్టింది. మొదటి కొన్ని ప్రకరణాలు ఊడివచ్చాయి, కొన్ని పేజీల మీద అక్షరాలు పక్క పేజీకి అంటుకొని అద్దంలోలా తిరగబడ్డాయి. మిగిలింది కదలలేదు. బాపు వచ్చి చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి, కూర్చోవడానికి పీట లేదంటున్నారు గదా అన్నాడు. అవ్వకు అప్పుడు అర్థమైంది. ఆమె పోయి కుంచె కడిగి, చూరులో దోపింది. ఆ రాత్రి బువ్వ తినలేదు.

అవ్వను ఒక్క మాట అనడానికి లేదు. అదే లీలమ్మకు ఎక్కువ మంట. తిట్టేటట్టు చేసి ఉంటే తిట్టి ఊరుకునేది.

ఇస్రాయేలు సారు చెప్పిన రోజునే పొద్దున బస్సులో దిగాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చెమటకు వీపు మీద అంటుకుపోయి ఉన్నది. ఆయనా, కూలివాడూ కలిసి పెట్టె మోసుకొచ్చారు. రామచంద్రయ్య తాను కుర్చీలో కూర్చొని, సారు కూర్చోవడానికి బడినుంచి పిల్లల బల్ల తెప్పించాడు. సంఘంలో ఇంకొక కుర్చీ ఉన్నది. దాని మీద పత్రికలు పెట్టి ఉన్నాయి; వాటిని తీయమని ఎవరూ అనలేదు, సారు బల్ల మీదే కూర్చున్నాడు. పిల్లలు గుమ్మం బయట ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు.

కొత్త పెట్టె మూత తీయగానే లీలమ్మ చూసింది. పైనే ఉన్నది రెండో భాగం. అట్ట మీద గుర్రం తల. బీరన్న కూడా చూశాడు, బయట ఒక్కసారి గోల లేచింది.

ముందు పాత పుస్తకాల లెక్క అప్పజెప్పాలి. సారు ఒక్కొక్క నీతి పుస్తకం తీసి, వీపు చూసి, పేజీలు వేలితో జారవిడిచి, పక్కన పెడుతున్నాడు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కొన్నింటిలో పేజీలు ఒకదానికొకటి అంటుకున్న అంచు ఇంకా కోయనేలేదు. మంచిగ చూసుకున్నరయ్యా అని ఆయన అంటుంటే రామచంద్రయ్య మీసం సర్దుకున్నాడు. ఆఖరున లీలమ్మ గుర్రంపోరిని తెచ్చి సారు పక్కన బల్ల మీద పెట్టింది. పెట్టినప్పుడు చప్పుడైంది.

సారు దాన్ని తెరవబోయాడు. తెరుచుకోలేదు. వేలి కణుపుతో కొట్టి చూశాడు, తలుపు కొట్టినట్టు పలికింది. ముక్కు దగ్గర పెట్టుకొని ముఖం తిప్పాడు. పులిసిన గంజి. జరిగింది లీలమ్మ చెప్పింది. సారుకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. రామచంద్రయ్య నవ్వలేదు. తాను ముందునుంచీ చెబుతూనే ఉన్నానని, నీతి పుస్తకాలకు ఈ గతి ఎందుకు పట్టలేదో చూసుకోవచ్చని అన్నాడు. మంచి పుస్తకమైతే పిల్లలు మంచిగనే పట్టుకుంటారట.

అప్పుడు చెప్పాడు సారు, తల వంచుకొని, పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ. పైనుంచి కొత్త నియమం వచ్చింది. ఏ ఊళ్ళో ఏ రకం పుస్తకం చెడకుండా తిరిగి వచ్చిందో, ఆ ఊరికి ఆ రకమే ఎక్కువ పంపాలి. చెడిపోయి వచ్చిన రకం ఆపాలి. ఈ ఊరికి నీతి అచ్చివచ్చిందని ఆయన రాయవలసి ఉంటుంది. రెండో భాగం పెట్టెలోంచి తీసి తన సంచిలో పెట్టుకున్నాడు.

లీలమ్మ నలుగురిలో మాట్లాడే పిల్ల కాదు. మాట్లాడితే గొంతు వణుకుతుందని ఆమెకే తెలుసు. వణికింది కూడా.

"సారూ, అవి సాపుగ ఉన్నయంటే ఎవ్వలు తెరువలే గనుక ఉన్నయి. చదివింది గిదొక్కటే. చదివినందుకే గిట్లయింది."

రామచంద్రయ్య ఆమె వైపు చూశాడు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఏందమ్మా అన్నట్టుగా.

"నాకెర్క లేదా లీలమ్మా," అన్నాడు సారు. "నేను రోజు చూసే పనే గద. గని పైసారు పుస్తకాన్ని చూస్తడు, పోరలను చూడడు. నేనిప్పుడు గిది ఇడిసిపెట్టి పోతే నా నౌకరి మీదికొస్తది. వచ్చే పెట్టె దాక గీ నీతి పుస్తకాలు గిట్లనే శుభ్రంగ ఉంచు. ఒక్క మరక గూడ ఉండొద్దు. నేనే మంచిగ రాసి, రెండో భాగం తీస్కొస్త. నామాట నమ్ము."

వచ్చే పెట్టె అంటే ఎండాకాలం పోయి వానలు పడాలి. బయట పిల్లలకు సగం వినబడింది, సగం అర్థమైంది. సంచిలోకి పోయిన గుర్రం తల మాత్రం అందరూ చూశారు.

సాయంత్రం దాకా బస్సు లేదు. భోజనం అయినాక సారు పాత పెట్టె మోయించుకొని సడక్ మీద మైలురాయి దగ్గర కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ చేరారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఊరికే సంచి వైపు చూస్తున్నారు. ఆ చూపులు ఆయనకు ముళ్ళలా ఉన్నాయి. రెండుసార్లు జాగా మార్చి కూర్చున్నాడు. లీలమ్మ ఇంట్లో కండెలు చుడుతూ, చుడుతూ, ఒక్కసారి లేచి మైలురాయి దగ్గరికి నడిచింది. బస్సు వచ్చేదాకా ఆ పుస్తకం తన చేతిలో ఉండనివ్వమని, మరక పడకుండా చూసుకుంటానని అడిగింది. సారు సడక్ మీద రెండు దిక్కులా చూసి సంచి విప్పాడు.

ఆమె నిలబడే చదివింది. పిల్లలు దుమ్ములో కూర్చున్నారు. మొదటి ప్రకరణం మొదలుపెట్టగానే తెలిసింది, అది నది కాదు. ఎక్కడో కోటలో గుర్రంపోరి అన్న ఉన్నాడు, వాడికి ఒక స్నేహితుడున్నాడు, ఇద్దరూ రాజుగారి దర్బారు గురించి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకుంటూనే ఉన్నారు. గుర్రమేదీ అని బీరన్న అడిగాడు. వస్తుందిలే అని లీలమ్మ వేగం పెంచింది. రెండో ప్రకరణంలో దర్బారు వర్ణన. స్తంభాలు, తివాచీలు, దీపాలు. ఆమె పేరాలు పేరాలు దాటేసింది. రచయిత మీద ఆమెకు ఒళ్ళు మండిపోతున్నది. పిల్లను బండ మీద వదిలేసి ఈయన తివాచీల రంగులు చెబుతున్నాడు. మూడో ప్రకరణంలోకి వచ్చేసరికి నది వచ్చింది, అదే క్షణంలో దూరంగా దుమ్ము లేచింది. ఎప్పుడూ గంట ఆలస్యంగా వచ్చే బస్సు ఆరోజు వేళకు వచ్చింది.

చేపలు పట్టేవాళ్ళు తెల్లవారి నదికి వచ్చారు. బండ మీద ఏదో గుడ్డ కనిపించింది. లీలమ్మ ఊపిరి తీసుకోకుండా చదువుతున్నది. బస్సు ఆగింది. కూలివాడు పెట్టెను పైకి ఎక్కిస్తున్నాడు. సారు చెయ్యి చాచబోయి, ఆగాడు.

ఎప్పుడు వచ్చిందో గాని, బస్సు మెట్టు మీద అవ్వ లక్ష్మీనర్సమ్మ ఉన్నది. చంకలో పెద్ద చీరల మూట. మూట తలుపులో అడ్డంగా ఇరుక్కున్నది. ఈ బస్సు నకిరేకల్ పోతదా అని కండక్టరును అడిగింది. పోతదన్నాడు. మూటకు కిరాయి ఎందుకు తీసుకుంటారు, అది మనిషా అని అడిగింది. మూటను కిందికి దింపి, పైకెక్కించి, మళ్ళీ దింపింది. లోపల కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారు.

"అవ్వా, ఎక్కుతవా దిగుతవా, సూర్యుడు మునుగుతుండు," అన్నాడు కండక్టరు.

"ఆగు బిడ్డా, తొందరైతే నువ్వు ముందు పో, బస్సును ఇడిసిపెట్టు," అన్నది అవ్వ. ఇంతలో ఆమెకు నశ్యం డబ్బీ ఇంట్లో మరిచినట్టు అనుమానం వచ్చింది. అది లేనిదే ప్రయాణం చేయలేదట. మెట్టు మీదే కూర్చొని మూట ముడి విప్పి వెదకసాగింది.

పిల్ల కళ్ళు తెరిచింది. చేపలవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. గుర్రమేదని అడిగింది. ముసలి చేపలవాడు చెయ్యెత్తి, ఇసుకలో దూరంగా ఒకచోటికి చూపించాడు.

డ్రైవరు హారను కొట్టాడు, కొట్టి చెయ్యి తీయలేదు. సారు వచ్చి లీలమ్మ ముందు నిలబడ్డాడు. తానూ ఆ పుస్తకం చదవలేదని, ఇకనైనా చదువుతానని ఏదో గొణిగాడు. ఆమె కళ్ళు ఇంకా రెండు వాక్యాల ముందుకు పోయాయి, అందులోనూ గుర్రం లేదు, ఇసుక ఎలా మెరుస్తుందో ఉన్నది. మూసి ఇచ్చేసింది. అవ్వ మూట తీసుకొని కిందికి దిగింది. ఇప్పుడు పోనని, రేపు పోతానని కండక్టరుతో చెప్పింది. కండక్టరు అన్న మాటలు దుమ్ములో కలిసిపోయాయి.

ఇసుకలో ఉన్నది గుర్రమా, గుర్రం శవమా? పిల్లలు అడిగారు. తెలియదన్నది లీలమ్మ. చివర చూడలేదా అని అడిగారు. చూడలేదన్నది. చూసే తెలివి అప్పుడు రాలేదు. ఆ మాట ఆమె తన నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది.

మర్నాడు కొత్త నీతి పుస్తకాలను గుడ్డతో తుడిచి బీరువాలో పేర్చింది. తాళం వేసింది. వానలు పడేదాకా ఎవరికీ పుస్తకం లేదని పిల్లలకు చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. మరక పడితే గుర్రం రాదు. పిల్లలకు న్యాయంగానే తోచింది. ఎలాగూ ఆ పుస్తకాలు వాళ్ళకు అక్కరలేదు. రోజూ వచ్చి అరుగు మీద కూర్చొని ఇసుక గురించి కొట్లాడుకొని పోయేవాళ్ళు. పది రోజులకు కొట్లాట కూడా తగ్గింది. తర్వాత రావడమే తగ్గింది. బీరన్న మందతో వెళ్ళిపోయాడు. తాళం వేసిన బీరువాను చూసి రామచంద్రయ్య సంతోషించాడు. ఇప్పుడే అది గ్రంథాలయంలా ఉన్నదట.

లీలమ్మ అయినా ప్రతి సాయంత్రం వచ్చి కూర్చునేది. చదివించకుండా ఉంచితేనే చదివేది దొరుకుతుందన్న మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వకుండా దాన్ని తానే అమలు చేస్తున్నది.

ఒక సాయంత్రం సాలమ్మ వచ్చింది. పల్లికాయ ఏరి నేరుగా వచ్చినట్టున్నది, చేతులకు మోచేతుల దాకా ఎర్రమట్టి. కింది మెట్టు మీద కూర్చొని బీరువా వైపు చూసింది. తర్వాత ఒక పుస్తకం ఇమ్మని అడిగింది. ఇవ్వకూడదని తెలుసు గదా అన్నది లీలమ్మ. తెలుసన్నది సాలమ్మ. వానలకు ఇంక ఎన్నో దినాలు లేవు, గుర్రంపోరి వస్తది, అప్పుడు మొదటి ప్రకరణం నువ్వే చదువుదువు అన్నది లీలమ్మ.

"గుర్రం వచ్చేవరకు నాకు సదువుడు మరిసిపోతదక్కా," అన్నది సాలమ్మ. "నిన్న బస్సు మీద పేరు సదువబోతే రాలే. అచ్చరాలు కండ్ల ముందటికెల్లి పోయినయి."

లీలమ్మ బీరువా వైపు చూసింది. అద్దం వెనక అవన్నీ వరుసగా, తెల్లగా, నోరు మూసుకొని ఉన్నాయి. ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పైసారు మీద, రామచంద్రయ్య మీద, తివాచీల రచయిత మీద, ఇన్నాళ్ళు తాళం వేసుకొని కూర్చున్న తన మీద. చేతులు కడుక్కొని రమ్మందామని నోటిదాకా వచ్చింది. బావి దూరం, పొద్దు ఎక్కువ లేదు. అనలేదు. తాళం తీసి, వరుసలో మొదట చేతికి అందినది తీసుకొని, సాలమ్మను పైకి వచ్చి కూర్చోమన్నది.

సాలమ్మ ఒక్క క్షణం ఆగి, అరుగు ఎక్కింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, ప్రతి అక్షరం కింద వేలు జరుపుతూ మొదలుపెట్టింది. నిజంగానే మరిచిపోయింది, మళ్ళీ కూడబలుక్కుంటున్నది. వేలు పోయినచోటల్లా పేజీ మీద ఎర్రటి గీత పడుతున్నది. రెండో పేజీ తిప్పడానికి వేలు నాలుకకు తాకించింది. వీధిలో రామచంద్రయ్య దగ్గు వినిపించింది, అరుగు ముందు ఆగింది. లీలమ్మ తలెత్తలేదు.

మూడో పేజీ చివర సింహం నోరు తెరిచి, అబద్ధం ఆడకూడదని చెప్పింది. సాలమ్మ ఆగింది.

"గిది మంచిగ లేదక్కా."

"లేదు," అన్నది లీలమ్మ. "సదువు."